ఆఖరి నిమిషంలో నిలబడటం: కబడ్డీ కోర్టు నేర్పిన పాఠాలు

మార్కాపురం, కంభం, గిద్దలూరు వైపు బడుల్లో పీఈటీగా పనిచేసి రిటైరయ్యాను. సంక్రాంతి పోటీలయినా, జోనల్ ఆటలయినా కోర్టు చుట్టూ వినపడే మాట ఒకటే: "వాడు టైముకి ఆడతాడు, వీడు టైముకి చేతులెత్తేస్తాడు." ఆ గుణం నిజంగా ఉందా అని అడిగే కుర్ర పీఈటీల కోసం ఇది రాస్తున్నాను.

1. ఆ పేరు రెండు మూడు ఆటలతోనే పడిపోతుంది. ఆఖర్లో రెండు పాయింట్లు తెచ్చిన పిల్లవాణ్ని ఊరు ఏళ్ల తరబడి మోస్తుంది. వాడి వల్ల ఓడిపోయిన మ్యాచ్‌లు ఎవరికీ గుర్తుండవు. మన దగ్గర ఆ లెక్కలుండవు, కానీ అమెరికా బేస్‌బాల్లో ప్రతి ఆటకీ లెక్క రాస్తారు. 1977లో ఆ లెక్కలు పరిశీలించే డిక్ క్రేమర్ 1969, 1970 సీజన్లను పోల్చి చూస్తే, ఒక ఏడు కీలక సమయంలో మెరిసినవాళ్లే మరుసటి ఏడూ మెరుస్తారని తేలలేదు. అంతమాత్రాన ఆ గుణం లేదనలేమని అలాంటి మరో పరిశీలకుడు బిల్ జేమ్స్ 2004లో రాశాడు. ఉన్నా కొద్దిగానే ఉంటుందని నా నమ్మకం.

2. పీవీ సింధును ఎంతమంది ఎన్నేసి మాటలన్నారో మర్చిపోకండి. 2016 రియో ఫైనల్, 2017, 2018 ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనళ్లు, 2018 ఆసియా క్రీడల ఫైనల్, అన్నీ ఓటములే. "ఫైనల్ అంటే భయం" అని టీవీల్లో తీర్పులిచ్చారు. గ్లాస్గోలో జరిగిన ఆ 2017 ఫైనల్లో ఒకుహరాతో 110 నిమిషాలు ఆడి, మూడో గేమ్ 20-22తో పోగొట్టుకుంది. రెండంటే రెండు పాయింట్లు! ఆ పాయింట్లు అటు పడితే ధైర్యవంతురాలు, ఇటు పడితే పిరికిదా? పైగా ఫైనల్‌కి రావాలంటే క్వార్టర్‌ఫైనల్, సెమీఫైనల్ గెలవాలి. ఆ ఆటల్లో ఒత్తిడి లేదా? 2019 ఆగస్టులో బాసెల్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో అదే ఒకుహరాను 21-7, 21-7తో 38 నిమిషాల్లో ఓడించింది. రెండేళ్లలో మనిషి గుండె మారలేదు. ఆట మెరుగుపడింది.

3. ప్రశాంతంగా ఉన్నవాడే గెలుస్తాడనుకోవద్దు. 2010 అక్టోబరు, మొహాలీ టెస్టు, ఆస్ట్రేలియా మీద 216 కొట్టాలి. 124కే ఎనిమిది వికెట్లు పోయాయి. లక్ష్మణ్ నడుం పట్టేసి రన్నర్‌తో ఆడుతున్నాడు. ఇషాంత్ 31 పరుగులు చేసి తోడు నిలిచాడు. చివర్లో పరుగు దగ్గర తడబడిన ఆఖరి బ్యాట్స్‌మన్ ఓజా మీద లక్ష్మణ్ గట్టిగా అరిచేశాడు. జీవితమంతా మెత్తగా మాట్లాడిన మనిషి! అయినా 73తో నాటౌట్‌గా నిలిచి, ఒక్క వికెట్ తేడాతో గెలిపించాడు. నరాలు బిగుసుకున్నా మణికట్టు తనకు తెలిసిన పని చేసుకుపోయింది.

4. మూడో రైడ్‌ను విడిగా సాధన చేయించండి. అన్నిటికన్నా ముఖ్యం ఇదే. ప్రో కబడ్డీలో వరసగా రెండు రైడ్లు ఖాళీగా వస్తే మూడోది చావో రేవో: పాయింట్ తేవాలి, లేకపోతే అవుట్. రైడర్ మీదికి రాక తప్పదని డిఫెండర్లకు తెలుసు, చీలమండ పట్టుకోవడానికి కాచుకుని ఉంటారు. మామూలు రైడ్‌లో పనికొచ్చే ఓపిక ఇక్కడ పనికిరాదు. కాబట్టి సాధన మొదట్లో కాదు, పిల్లలు పరుగెత్తి అలిసిపోయాక చివర్లో దీన్ని పెట్టండి. ముప్పై సెకన్లు, ఎదురుగా నలుగురు, చుట్టూ తోటి పిల్లల కేకలు. ఒకే ఒక్క కూత, రెండో అవకాశం ఇవ్వకండి. అలా ఆడించిన పిల్లలు మ్యాచ్‌లో ఆ రైడ్‌కి అదిరిపోవడం తగ్గింది, నేను కళ్లారా చూశాను.

5. చేతులెత్తేసినట్టు కనిపించేవాళ్లలో చాలామందికి కారణం గుండెలో ఉండదు. పొద్దున తిన్నదే తిండి. అర్ధవీడుకో తర్లుపాడుకో ఆఖరి బస్సు పోతుందేమోనన్న బెంగ. ముందు అరటిపండు పెట్టి, ఇంటికి చేర్చే ఏర్పాటు చేసి, ఆ తర్వాత ఆట చూడండి.

6. నిజంగా బిగుసుకుపోయే పిల్లలూ ఉంటారు. ఒంటికి అలవాటైన అడుగును ఆ క్షణంలో ఆలోచించి వేయబోయి తప్పుతారు. వాళ్లకి పది సూచనలు అరవకండి, ఒక్కటి చెప్పండి.

7. తన మామూలు ఆట కన్నా ఆఖర్లో ఎత్తుకి లేచే మనిషి నాకు కనపడలేదు. మామూలు ఆట నుంచి దిగిపోని మనుషులు కనపడ్డారు. దాన్నే నైపుణ్యమంటాను, అది నేర్పితే వస్తుంది.

ఈ సంక్రాంతి పోటీల నుంచి ఆఖరి ఐదు నిమిషాల రైడ్లను స్కోరు పుస్తకంలో విడిగా రాయండి. రెండు సీజన్ల లెక్క చేతిలోకి వచ్చేదాకా "టైముకి ఆడడు" అని ఏ పిల్లవాణ్నీ జట్టులోంచి తీసేయకండి.