కంప్యూటరుకు ఖాళీ కూడా అక్షరమే

ఈసారి నేను పైథాన్ భాషలోని ఒక చిన్న సంగతి రాస్తున్నాను.

మనం "సీత" అని టైపు కొట్టి, చివర స్పేస్ ఒకసారి నొక్కామనుకోండి. కంటికి ఏమీ తెలీదు. కానీ ఆ ఖాళీకి కూడా కంప్యూటరులో ఒక నంబరుంది, 32. లెన్ అనే ఆజ్ఞతో కొలిస్తే "సీత"కు 3 వస్తుంది (స, గుడి దీర్ఘం, త వేరువేరుగా లెక్కపెడుతుంది, అదొక తమాషా). చివర ఖాళీ ఉంటే 4. అందుకని ఈ రెండు పేర్లూ ఒకటేనా అని అడిగితే కాదంటుంది.

ఇది నవ్వులాట కాదు. ఒక పట్టీలో పేరు ఖాళీతో ఎక్కి, ఇంకో పట్టీలో ఖాళీ లేకుండా ఉంటే, ఖాళీలు తీసెయ్యకుండా సరిచూసే ప్రోగ్రాము "పేరు లేదు" అంటుంది. అది స్కాలర్‌షిప్పు పట్టీ అయితే? మా అవ్వ, నాయిన చదువుకోలేదు. లేదంటే నిజంగానే లేదనుకుని తిరిగి వచ్చేస్తారు.

దీనికి మందు ఆర్‌స్ట్రిప్. పేరు పక్కన చుక్క పెట్టి, ఆర్‌స్ట్రిప్ అని రాసి, లోపల ఏమీ రాయకుండా బ్రాకెట్లు పెట్టాలి. కుడివైపు చివరనున్న ఖాళీలు, ట్యాబులు, కొత్త లైను గుర్తులు అన్నీ పోతాయి. మధ్యలోవి పోవు, "కొమరం భీం" రెండు మాటలుగానే ఉంటుంది. ఎడమవైపువి పోవాలంటే ఎల్‌స్ట్రిప్, రెండువైపులా అయితే స్ట్రిప్.

ఒకటి మాత్రం బాగా గుర్తుపెట్టుకోండి. ఆర్‌స్ట్రిప్ పాత పేరును మార్చదు, శుభ్రమైన కొత్త పేరు చేసి చేతికిస్తుంది. దాన్ని దాచుకోకపోతే పాతదే మిగుల్తుంది. అందుకని ఇలా రాయాలి:

పేరు = పేరు.rstrip()

ఏ పట్టీలో ఖాళీ ఉందో మనకు కనిపించదు కాబట్టి రెండు పట్టీలకూ చెయ్యాలి.