గ్రానైట్ ఫ్యాక్టరీలో చేరుతున్న మేనల్లుడికి



కరీంనగర్ దగ్గర గ్రానైట్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుగా చేరుతున్నావని అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం. జీతమెంత, సెలవులెన్ని అని ఇంటిల్లిపాదీ నిన్ను అడిగే ఉంటారు. నేను మాత్రం నీళ్ల సంగతి అడుగుతాను. అక్కడ రాయిని తడుపుతూ కోస్తారా, పొడిగా కోస్తారా?

పెద్ద మెషిన్ల దగ్గర నీళ్లు ఎలాగూ పారుతుంటాయి. బ్లేడు కాలిపోకూడదు కదా! ప్రమాదమంతా చేతి గ్రైండరు దగ్గర ఉంటుంది. అంచులు గుండ్రం చేసేటప్పుడు, సింకు కోసం పలకలో కన్నం కోసేటప్పుడు, నీళ్ల గొట్టం తగిలించడం బద్ధకమనిపించి పొడిగానే కానిచ్చేస్తారు. చెయ్యడానికి పది నిమిషాల పనే. కానీ ఆ గ్రైండరు వెనక మనిషి ముఖం రాతికి జానెడు దూరంలో ఉంటుంది.

ఛాతీ డాక్టరుగా చెబుతున్నాను, విను. గ్రానైట్‌లో పలుగురాయి ఉంటుంది. అదే సిలికా. రాళ్లన్నీ ఒకటి కావు. చీమకుర్తి నల్ల గెలాక్సీలో అది తక్కువ, మీ దగ్గరి ఎర్ర, గోధుమ రంగు గ్రానైట్లలో ఎక్కువ. వంటింటి గట్ల కోసం ఫ్యాక్టరీల్లో తయారుచేసే క్వార్ట్జ్ పలకల్లోనైతే నూటికి తొంభై పాళ్లు దాటి ఉండొచ్చు. వాటిని కోసిన యువకులు వరసగా జబ్బుపడటంతోనే ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి ఆ పలకలను నిషేధించింది.

కంటికి కనబడే దుమ్ము చాలావరకు ముక్కులోనో గొంతులోనో ఆగిపోతుంది. అయిదు మైక్రాన్ల లోపు రేణువు కనబడదు. అది ఊపిరితిత్తుల చివరి గాలి గదుల దాకా పోతుంది. అక్కడి రక్షక కణం దాన్ని మింగుతుంది, అరిగించుకోలేక చస్తుంది. బయటపడ్డ రేణువును ఇంకో కణం మింగుతుంది. ఇలా జరిగిన చోటల్లా మచ్చ కట్టి ఊపిరితిత్తి గట్టిపడుతుంది. అదే సిలికోసిస్. మామూలుగా పదేళ్లకు పైనే పడుతుంది, దుమ్ము మరీ దట్టంగా ఉంటే కొన్ని నెలల్లోనూ రావచ్చు. పని మానేశాక కూడా ముదురుతుంది. నయం చేసే మందు లేదు బిడ్డా.

నీళ్లు పెట్టకపోతే ఏమవుతుందో చెబుతాను. 1930లో అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో హాక్స్ నెస్ట్ అనే చోట కొండను తొలిచి సొరంగం వేశారు. ఆ రాతి నిండా సిలికానే. పని త్వరగా సాగాలని నీళ్లు లేకుండానే డ్రిల్లింగ్ చేయించారు. కూలీల్లో ఎక్కువ మంది దక్షిణాది నుంచి పొట్టకూటికి వచ్చిన నల్లజాతివాళ్లు. మార్టిన్ చెర్నియాక్ అనే వైద్యుడు తర్వాత లెక్కకట్టి, చనిపోయినవాళ్లు 764 మంది ఉండొచ్చన్నాడు. నీళ్లు పెడితే దుమ్ము అణుగుతుందని అప్పటికే తెలుసు. తెలిసి కూడా పెట్టలేదు. ఇన్నేళ్ల తర్వాత తలుచుకున్నా నాకు కోపం చల్లారదు.

కాబట్టి నీ షెడ్డులో పొడి కోత జరగనివ్వకు. నువ్వు సూపర్‌వైజరువి, ఆ మాట నీ నోట రావాలి. పాలిష్ నుంచి కారిన బురదను ఎండనిస్తే మళ్లీ దుమ్మే అవుతుంది, తడిగా ఉండగానే ఎత్తించు. పొడి చీపురు పట్టనివ్వకు. షిఫ్టు అయ్యాక కంప్రెసరు గాలితో బట్టలు దులుపుకునే అలవాటు చాలాచోట్ల ఉంది, దాన్ని మాన్పించు. బట్టలు అక్కడే మార్చుకుని, స్నానం చేసి ఇంటికి వెళ్లేలా చూడు, లేకపోతే ఆ దుమ్ము వాళ్ల పిల్లల దాకా పోతుంది. ముఖానికి కట్టుకునే తువ్వాలు ఈ ధూళిని ఆపదు. ఎన్95 మాస్కు ఆపుతుంది గానీ ముఖానికి అతుక్కుని ఉండాలి, గడ్డం ఉంటే సందుల్లోంచి గాలి దూరుతుంది. మీ ఊరి మే నెల ఎండలో రోజంతా దాన్ని పెట్టుకుని ఎవరు పనిచేయగలరు? అందుకే ముందు నీళ్లు, దుమ్మును లాగే ఫ్యాన్లు. మాస్కు ఆ తర్వాత.

మీ పనివాళ్లలో ఎవరైనా వారాల తరబడి దగ్గుతుంటే ఆసుపత్రికి పంపు. రాతి పని చేస్తానని డాక్టరుకు తప్పకుండా చెప్పమను. సిలికోసిస్, టీబీ ఎక్స్‌రేలో ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. సిలికా చేరిన ఊపిరితిత్తికి టీబీ తొందరగా పడుతుంది కూడా. ఏం పని చేస్తాడో అడగకుండా, కళ్లెలో క్రిమి దొరక్కపోయినా టీబీ మందులే మళ్లీ మళ్లీ మింగించిన కేసులు నేను చూశాను.

1948 ఫ్యాక్టరీల చట్టమే సిలికోసిస్‌ను ప్రభుత్వానికి తెలియజేయాల్సిన జబ్బుల్లో చేర్చింది. పరిహారం అడిగే హక్కూ ఉంది. కానీ రోజు కూలికి వచ్చినవాడికి హాజరు పట్టీలో పేరే లేకపోతే, అక్కడ పనిచేశానని ఏం చూపిస్తాడు? ప్రతి ఒక్కరి పేరూ రాయించు. రాజస్థాన్ 2019లో ప్రత్యేక విధానం తెచ్చి, జబ్బు నిర్ధారణ అయినవాళ్లకు మూడు లక్షల రూపాయలు, చనిపోతే ఆ కుటుంబానికి రెండు లక్షలు ఇచ్చే ఏర్పాటు చేసింది. తెలుగు రాష్ట్రాలూ అలాంటిది తేవాలని నా కోరిక.

ఇక నీ సంగతి. చేరేలోపే ఛాతీ ఎక్స్‌రే, ఊపిరి ఊదే స్పైరోమెట్రీ పరీక్ష చేయించుకో. ఏటా చేయించుకుంటూ, పాతవి పారేయకుండా దాచు. మొదటి ఫిల్ము ఉంటేనే తర్వాత వచ్చే తేడా తెలుస్తుంది. దాని ఫొటో నాకు వాట్సాప్ చెయ్యి, చూసి ఫోన్ చేస్తాను. పొడిగా కోయించమని యజమాని పట్టుబడితే, నీ మాట అస్సలు సాగకపోతే, ఆ ఉద్యోగం వదిలి వచ్చెయ్. ఇంకోటి దొరికేదాకా మా ఇంట్లో ఉండు. అమ్మతో నేను మాట్లాడతాను.

మీ మామయ్య