మాటకు అక్షరం - అక్షరానికి గడియారం

ఒక చిన్న ప్రయోగం చేయండి. టీవీలోగాని సెల్‌ఫోన్‌లోగాని ఏదైనా పాఠం పెట్టి, శబ్దం పూర్తిగా తీసివేయండి. ఉపాధ్యాయుడి పెదవులు కదులుతూ ఉంటాయి. నల్లబల్లమీద బొమ్మ కనిపిస్తుంది. కాని విషయం బోధపడదు. వినికిడి లేని మీ తోటి విద్యార్థికి ప్రతి వీడియో పాఠమూ ఇలాగే ఉంటుంది.

చెవి బాగా ఉన్నవారికి మాత్రం ఈ చిక్కు రాదా? వస్తుంది. మిర్యాలగూడ రైస్ మిల్లులకు పేరుపొందిన పట్టణం కదా! మిల్లు ఆడుతున్నప్పుడు పక్కవాడి మాటే వినబడదు, ఇక ఫోన్‌లోని మాట ఏం వినబడుతుంది? అదే మాట తెరమీద అక్షరాలలో కనిపిస్తే ఎంత చప్పుడులోనైనా చదువుకోవచ్చు.

తెరమీద ఇలా వచ్చే అక్షరాలు రెండు రకాలు. ఒక భాషలోని మాటలను తెలియనివారికోసం మరో భాషలో చూపిస్తే అవి సబ్‌టైటిల్స్. వినలేనివారికోసం మాటలతోపాటు 'గుడిగంట మోగింది', 'వెనుకనుంచి బస్సు హారన్' వంటి శబ్దాలను కూడా రాసి చూపిస్తే అవి క్యాప్షన్లు. టీవీలో, ఇతర ఎలక్ట్రానిక్ మాధ్యమాలలో వచ్చే కార్యక్రమాలు వికలాంగులకు అందేలా క్యాప్షన్ల వంటి ఏర్పాట్లు చేయాలని మన దేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం చెబుతోంది.

క్యాప్షన్లను తయారుచేయడం ఎలా? సూర్యాపేట దగ్గర పిల్లలమర్రిలో కాకతీయుల కాలపు గుళ్లున్నాయి. మీ తరగతివారు వాటిపై మూడు నిమిషాల వీడియో తీశారనుకుందాం.

గడియారం కట్టిన వాక్యం

క్యాప్షన్ ఫైలు తెరిచి చూస్తే ఎవరైనా ఆశ్చర్యపోతారు. అందులో బొమ్మ ఉండదు, శబ్దం ఉండదు. ఉన్నవల్లా వరుస సంఖ్య, కాలం, వాక్యం. 'ఎస్.ఆర్.టి.' అనే ఫైలులో ఒక క్యాప్షన్ ఇలా ఉంటుంది:

1
00:00:05,000 --> 00:00:08,000
ఈ గుడిని కాకతీయుల కాలంలో కట్టారు.

గంటలు, నిమిషాలు, సెకన్లు, కామా తరువాత సెకనులో వెయ్యోవంతులు. అంటే ఈ వాక్యం 5వ సెకనులో తెరమీదికి వచ్చి 8వ సెకనులో తొలగిపోవాలని అర్థం. ఆ తరువాత ఒక ఖాళీ వరుస వదిలి రెండో క్యాప్షన్ రాయాలి. 'సబ్‌టైటిల్ ఎడిట్' వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో మాటల శబ్దం అలలుగా కనిపిస్తుంది. అల ఎక్కడ లేచిందో అక్కడ వాక్యం మొదలు, ఎక్కడ అణగిందో అక్కడ ముగింపు. కాలాన్ని సాఫ్ట్‌వేరే రాసుకుంటుంది.

ఎంతసేపు ఉంచాలి?

చెవి వినే వేగం వేరు, కన్ను చదివే వేగం వేరు. పై వాక్యంలో 15 అక్షరాలున్నాయి. లెక్కపెట్టి చూడండి. సెకనుకు 5 అక్షరాలు చదివే చిన్న తరగతి పిల్లవాడికి అది 3 సెకన్లు కనిపించాలి. ఒక్క సెకనులో తీసేస్తే 'ఈ గుడిని' దగ్గరే ఆగిపోతాడు.

ఇక్కడ తెలుగువారికి ఒక ప్రత్యేకమైన చిక్కుంది. కంప్యూటర్ అక్షరాలను 'యూనికోడ్' అనే పద్ధతిలో సంకేతాలుగా దాచుకుంటుంది. మనం ఒకే అక్షరంగా చూసే 'స్త్రీ' దానికి ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. అలాగే 'కోదాడ' మనకు 3 అక్షరాలు, యంత్రానికి 5 సంకేతాలు. 'సూర్యాపేట' మనకు 4, యంత్రానికి 9. 'మిర్యాలగూడ' మనకు 5, యంత్రానికి 10. అందువల్ల 'వాక్యం మరీ పొడుగు' అని సాఫ్ట్‌వేర్ హెచ్చరిస్తే వెంటనే నమ్మకండి. అది సంకేతాలను లెక్కపెట్టి ఉండవచ్చు. మీరు చదివి చూసి నిర్ణయించండి.

ఫైలును దాచేటప్పుడు 'యుటిఎఫ్-8' పద్ధతిని ఎంచుకోండి. అందులో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్ల చోటు పడుతుంది. తెలుగు పట్టని పద్ధతిలో దాస్తే అక్షరాలకు బదులు ప్రశ్నార్థకాలు మిగులుతాయి!

రెండు బస్సుల కథ

అంతా సరిగా రాసినా ఒక్కొక్కప్పుడు మాట ముందు, అక్షరం వెనుక అవుతుంది. ఇది రెండు విధాలుగా జరుగుతుంది. సూర్యాపేటనుంచి కోదాడకు పోయే రెండు బస్సులను ఊహించుకోండి.

రెండో బస్సు 5 నిమిషాలు ఆలస్యంగా బయలుదేరి, మొదటిదాని వేగంతోనే నడిచిందనుకోండి. దారిలో ఎక్కడ చూసినా తేడా 5 నిమిషాలే. క్యాప్షన్లు కూడా మొదటినుంచి చివరిదాకా ఒకే తేడాతో వెనుకబడితే, ఆ తేడాను అన్నిటిలోనూ తీసివేస్తే చాలు.

రెండు బస్సులూ ఒకేసారి బయలుదేరి, రెండోది నెమ్మదిగా నడిస్తే? తేడా పోనుపోను పెరిగి కోదాడలో అన్నిటికంటె ఎక్కువవుతుంది. సినిమాలను మామూలుగా సెకనుకు 24 బొమ్మల చొప్పున తీస్తారు. దానినే సెకనుకు 25 బొమ్మల చొప్పున నడిపితే గంట సినిమా 57 నిమిషాల 36 సెకన్లలో అయిపోతుంది. పాత క్యాప్షన్లు మాత్రం గంటసేపు నడుస్తాయి. చివరి మాటకు అక్షరాలు 2 నిమిషాల 24 సెకన్లు ఆలస్యం! ఇక్కడ తీసివేత పనికిరాదు, హెచ్చవేత కావాలి. ప్రతి కాలాన్నీ 24/25తో, అంటే 0.96తో హెచ్చవేస్తే అంతా సరిపోతుంది. ముందు ఏ జబ్బో తేల్చుకుని, తరువాత మందు వేయాలి సుమా!

యంత్రమే రాస్తే?

మాట విని తానే అక్షరాలు రాసే సాఫ్ట్‌వేర్లు ఇప్పుడున్నాయి. వాటివల్ల శ్రమ తగ్గుతుంది. కాని సూర్యాపేట తాత 'రాజు గుడి కట్టించిండు' అంటే, యంత్రం దానిని మరో మాటగా పొరబడవచ్చు. 'పిల్లలమర్రి' అంటే మహబూబ్‌నగర్‌లోని పెద్ద మర్రిచెట్టు అనుకోవచ్చు. లేదా 'పిల్లల' వేరు, 'మర్రి' వేరు చేసి అనువదించవచ్చు. అది ఊరిపేరని మీకు తెలుసు. యంత్రం రాసినదానిని ఒక్కొక్క వరుసే చదివి, తాత అన్నది అన్నట్టుగా దిద్దవలసింది మీరే.

ఈ అక్షరాలవల్ల ఇంకో మేలుంది. బ్రిజ్ కొఠారీ అనే పరిశోధకుడికి 1996లో ఒక ఆలోచన వచ్చింది. టీవీలో పాట వచ్చేటప్పుడు అదే భాషలో సాహిత్యాన్ని తెరమీద చూపిస్తే, చదువు సరిగా రానివారు పాటతోపాటే చదవడం అలవాటు చేసుకుంటారని ఆయన భావించాడు. 1999లో గుజరాతీ దూరదర్శన్ పాటల కార్యక్రమంలోనూ, 2002లో హిందీ 'చిత్రహార్'లోనూ అలా చూపించారు. వినలేనివారికి మాటను అందించిన అక్షరం, చదవలేనివారికి చదువునూ నేర్పుతుందన్నమాట.

మీరే చేసి చూడండి

ఒక నిమిషం వీడియో తీయండి. అందులోని ప్రతి మాటనూ, ముఖ్యమైన ప్రతి శబ్దాన్నీ కాలంతోసహా కాగితంమీద రాసుకోండి. తరువాత కంప్యూటర్‌లో ఫైలు తయారుచేయండి. వీడియో చూడని ఒక మిత్రుడికి శబ్దం తీసివేసి చూపించి, అయిదు ప్రశ్నలు అడగండి. శబ్దంతో చూసినవారు చెప్పిన జవాబులే అతడూ చెబితే మీ క్యాప్షన్లు నెగ్గినట్టే. చెప్పలేకపోతే లోపం అతడిది కాదు. ఏ వాక్యం తొందరగా పోయిందో, ఏ శబ్దం రాయడం మరిచారో అతడినే అడిగి తెలుసుకుని సరిచేయండి.