ఆంత్రసైట్: ఇళ్లను వెచ్చబరిచే మేలిరకం బొగ్గు

పోటీ పరీక్షల ప్రత్యేకం – భూగోళశాస్త్రం

బొగ్గు రకాల్లో కార్బన్ శాతం అత్యధికంగా ఉండేది ఆంత్రసైట్ (సుమారు 86–97%). నల్లగా నిగనిగలాడుతుంది, పట్టుకుంటే చేతికి మసి పెద్దగా అంటదు. త్వరగా అంటుకోదు, అంటుకుంటే పొట్టి నీలిమంటతో, దాదాపు పొగ లేకుండా చాలాసేపు మండుతుంది.

* కార్బన్ ఆరోహణ క్రమం: పీట్, లిగ్నైట్, బిట్యుమినస్, ఆంత్రసైట్.
* అమెరికాలో ప్రధాన నిల్వలు: ఈశాన్య పెన్సిల్వేనియా. 1808లో విల్క్స్‌బారెలో జెస్సీ ఫెల్ దీన్ని ఇనుప జల్లెడపొయ్యిలో మండించి చూపాడు.
* 1902 గని కార్మికుల సమ్మె: చలికాలంలో ఇళ్లకు బొగ్గు కొరత రాకుండా అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ జోక్యం చేసుకున్నాడు.
* ముక్కల సైజులు (చిన్న నుంచి పెద్ద): రైస్, బక్‌వీట్, పీ, నట్, స్టవ్, ఎగ్. బొగ్గును తనంతట తానే అందించే స్టోకర్ పొయ్యిలకు రైస్, బక్‌వీట్ వాడతారు; చేత్తో వేసే వాటికి ఎక్కువగా నట్.
* కొనేముందు పోల్చాల్సినవి: బూడిద శాతం, తేమ, గంధకం, ఉష్ణ విలువ, టన్ను ధర. అమెరికాలో టన్ను 2,000 పౌండ్లు, అంటే సుమారు 907 కిలోలు.
* ప్రమాదం: మండేటప్పుడు వెలువడే కార్బన్ మోనాక్సైడ్. రంగు, వాసన లేని విషవాయువు.
* భారత్‌లో: జమ్మూ-కశ్మీర్‌లో స్వల్పంగా లభిస్తుంది. సింగరేణిది గోండ్వానా బొగ్గు, ఆంత్రసైట్ కాదు.

మాదిరి ప్రశ్న: నైవేలీలో లభించే బొగ్గు రకం ఏది?
జవాబు: లిగ్నైట్