ద్రవ్యోల్బణం తగ్గినా దాణా ధర తగ్గదేమి?

తనిఖీకి వెళ్ళిన చోటల్లా ఈ ప్రశ్న అడుగుతున్నారు.

2023 జూలైలో మన మదనపల్లె మార్కెట్లో టమాటా కిలో వంద రూపాయలు దాటింది. ఆ నెల దేశంలో ద్రవ్యోల్బణం 7.44 శాతమని ప్రభుత్వం ప్రకటించింది. సెప్టెంబరుకు 5.02కు తగ్గిందన్నారు. తగ్గినది ధరలు పెరిగే వేగమే గాని ధరలు కావు. ఏడాది ముందు నూరు రూపాయలకు వచ్చిన సరుకులు అప్పటికి 105 అయినవని అర్థం. ఆ మాట పట్టుకొని తవుడు అంగడిలో బేరమాడి లాభం లేదు.

అసలు చిక్కు మరొకటి. ఈ లెక్క వినియోగదారుడు కొనే సరుకులది. అందులో పాలున్నవి, పశువుల దాణా లేదు. పాలు లీటరుకు రూపాయి పెరిగితే ద్రవ్యోల్బణంలో చేరుతుంది. శెనక్కాయ చెక్క బస్తా పెరిగితే చేరదు. టోకు ధరల సూచీలో దాణా ఉన్నది. కాని ప్రభుత్వం 2016లో 4 శాతం లక్ష్యం పెట్టినది వినియోగదారుల లెక్కకే.

ఆ జూలైలో టమాటా అమ్మిన రైతుకు నాలుగు డబ్బులు మిగిలినవి. పావుకిలో కొన్న కూలివారికి కూలి ఆ వేగంతో పెరగలేదు.

మహాజనసభలో పాల ధర అడుగబోయే ముందు దాణా, చొప్ప, మందుల ఖర్చు నెలవారీగా వ్రాసి తెండి. సంఘం పుస్తకంలో ఉండేవి పాలు, వెన్న శాతం లెక్కలే.