ఉద్యోగం వదలకుండానే పరిశోధన

‘పరిశోధన చేయాలని ఉందండీ, కానీ ఉద్యోగం వదులుకోలేను’ అనే మాట డిగ్రీ కాలేజీ లెక్చరర్ల దగ్గరా, పీహెచ్‌సీ డాక్టర్ల దగ్గరా, బడిపంతుళ్ల దగ్గరా తరచూ వింటుంటాను. వదులుకోనక్కర్లేదు. మీ ఉద్యోగం రోజూ మీ చేతికందించే సామగ్రి యూనివర్సిటీ హాస్టల్లో ఉండి చదువుకునేవాళ్లకు దొరకదు.

గిడుగు రామమూర్తి పంతులు గారు 1880లో పర్లాకిమిడిలో బడిపంతులుగా చేరారు. పాఠాలు చెప్పడమే ఆయన ఉద్యోగం. చుట్టుపక్కల కొండల్లో సవరలు ఉండేవారు. వాళ్ల భాషకు అప్పటికి లిపి లేదు. సవర, తెలుగు రెండూ వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని పంతులు గారు ఆ భాష నేర్చుకున్నారు. ముఖలింగం గుడి శాసనాలు చదవడమూ సొంతంగానే పట్టుబడింది. 1911లో ఉద్యోగ విరమణ చేశారు. సవర వ్యాకరణం 1931లో అచ్చయింది, సవర-ఇంగ్లిష్ నిఘంటువు 1938లో వచ్చింది. ఆ పనికి జీతం లేదు, గడువు లేదు. చేతికి అందేంత దూరంలో ఉన్న విషయాన్ని పట్టుకుని, దాన్ని వదలకపోవడమే ఆయన బలం.

కాబట్టి అంశం కోసం దూరం వెళ్లకండి. తెలుగు మాస్టారైతే మీ క్లాసులో కూర్చున్న పిల్లల తాతలు ఏం పని చేసేవారో అడగండి. భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో 1962లో వ్యవసాయ పదాలతో మాండలిక వృత్తి పదకోశం వచ్చింది. ఆనాడు రైతులు నోటితో చెప్పిన మాటల్లో చాలావాటిని పలికేవాళ్లు ఇప్పుడు లేరు. కుమ్మరి సారె, సాలెమగ్గం, చేపల వల, ఈతచాపల మాటలు మీ మండలంలో ఇంకా ఎవరి నోట్లో ఉన్నాయో వెతికితే అదే మీ పరిశోధన. బోటనీ లెక్చరర్‌కు కాలేజీ వెనక గుట్ట ఉంది. పదేళ్లపాటు ఏ మొక్క ఏ నెలలో పూసిందో రాసి పెడితే, ఒక్కసారి వచ్చి చూసిపోయే నిపుణుడికి అందని సంగతులు మీకు అందుతాయి.

బదిలీ అయితే ఎలా అని అడుగుతారు. రొనాల్డ్ రాస్ సంగతి చూడండి. ఆయన సికింద్రాబాద్‌లో సైనిక వైద్యుడు, రోగుల్ని చూడటం ఆయన డ్యూటీ. మిగిలిన వేళల్లో మైక్రోస్కోపు ముందు కూర్చుని దోమల్ని కోసేవారు. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని కుట్టిన దోమ కడుపు గోడలో 1897 ఆగస్టు 20న ఆ పరాన్నజీవి జాడ కనిపించింది. మరుసటి నెలలోనే ఆయన్ను రాజపుతానాలోని ఖేర్వాడాకు మార్చారు. అక్కడ పనికొచ్చే మలేరియా కేసులే లేవు. తర్వాతి ఏడాది కలకత్తాలో పోస్టింగ్ దొరికాక పక్షుల మలేరియా తీసుకున్నారు, దోమ లాలాజల గ్రంథుల దాకా పరాన్నజీవి దారిని చూపించారు. 1902లో నోబెల్ వచ్చింది. చోటు మారినప్పుడు ఆయన ప్రశ్నను మార్చలేదు, సామగ్రిని మార్చుకున్నారు. ప్రతి ప్రభుత్వోద్యోగీ ఇది గుర్తు పెట్టుకోవాలని నా కోరిక.

ఆ హుసేన్ ఖాన్‌కు కుట్టిన దోమకు ఒక అణా చొప్పున ఇచ్చారట. ఈ రోజుల్లో అలా కుదరదు, కుదరకూడదు కూడా. డాక్టర్లు ఈ విషయంలో ఏమరుపాటుగా ఉండొద్దు. ఓపీ రిజిస్టరులోని వివరాలు వాడుకోవాలన్నా ముందు ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి. మీ ఆసుపత్రిలో కమిటీ లేకపోతే దగ్గర్లోని మెడికల్ కాలేజీ వారిని అడగండి. పని పూర్తయ్యాక అనుమతి తెచ్చుకుందామనుకుంటే ఆ పని వృథా. మందో, చికిత్సో పరీక్షించే ట్రయల్ అయితే మొదటి రోగిని చేర్చుకోకముందే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ (సీటీఆర్‌ఐ)లో నమోదు చేయాలి. దానికి ఫీజు లేదు.

ఇక రాసుకోవడం. నా మటుకు నేను దీన్ని నష్టపోయి నేర్చుకున్నాను. కొత్తలో ఒక పాత పత్రికలోంచి నాలుగు పేజీలు ఎత్తి రాసుకుని, సంచిక తేదీ రాయడం మరిచాను. ఆ తేదీ కోసం మళ్లీ రెండు వేసవి సెలవులు పోయాయి. రాసుకోవడం విలువ తెలియాలంటే రాబర్ట్ బ్రూస్ ఫుట్‌ను చూడండి. ఆయన జియలాజికల్ సర్వే ఉద్యోగి, భూగర్భ పటాలు గీయడం ఆయన పని. 1863 మే 30న మద్రాసు దగ్గర పల్లావరంలో ఆయనకు ఒక రాతి పనిముట్టు దొరికింది. మన దేశపు ప్రాచీన శిలాయుగ చరిత్ర దానితోనే మొదలైంది. ఆ రాయి ఎక్కడ, ఎప్పుడు దొరికిందో ఆయన రాసి ఉంచారు గనుకే అది సాక్ష్యమైంది. చోటు తెలియని రాయి షోకేసులో పెట్టుకోవడానికి తప్ప ఎందుకూ కొరగాదు. అందుకే పొలంలో పాత పెంకో నాణేమో కనిపిస్తే తవ్వకండి, ఇంటికి తెచ్చుకోకండి. ఫొటో తీసి, సర్వే నంబరు రాసుకుని, తహసీల్దారుకో పురావస్తు శాఖకో చెప్పండి. పాతిపెట్టిన నిధి దొరికితే కలెక్టరుకు తెలపాలని 1878 నుంచీ చట్టమే ఉంది.

పీహెచ్‌డీ పట్టా కావాలనుకునేవారికి: యూజీసీ 2022 నిబంధనలు పార్ట్ టైమ్ పీహెచ్‌డీని అనుమతిస్తున్నాయి. పనిచేసే చోటి నుంచి ఎన్‌ఓసీ తేవాలి. చదువుకోవడానికి తగిన సమయం దొరుకుతుందని, అవసరమైతే కోర్సు వర్క్‌కు రిలీవ్ చేస్తామని అందులో ఉండాలి. కనీసం మూడేళ్లు, మామూలుగా ఆరేళ్ల లోపు పూర్తి చేయాలి. ఎన్‌ఓసీ మాట నోటితో తేల్చుకోకండి, కాగితం చేతికొచ్చాకే ఫీజు కట్టండి. ప్రిన్సిపాల్ మారితే నోటిమాటా మారుతుంది. ఇతరుల రాతలతో పోలికలు పది శాతం దాటితే 2018 ప్లేజియరిజం నిబంధనల కింద థీసిస్ వెనక్కి వస్తుంది. అయినా శాతం లెక్క చూసుకుని రాయడం పరిశోధన కాదు.

డబ్బు కడితే వారంలో వ్యాసం వేస్తామనే జర్నళ్ల జోలికి పోవద్దు. ప్రమోషన్ పాయింట్ల కోసం మంచి లెక్చరర్లు ఈ గుంటలో పడటం చూసి బాధపడ్డాను. ఆ వ్యాసం ఎవరూ చదవరు, మీ పేరుకు మాత్రం మచ్చగా నిలుస్తుంది.

చదువుకోవడానికి పుస్తకాలు లేవనే సాకు ఇప్పుడు చాలామందికి చెల్లదు. శోధ్‌గంగలో దేశంలోని థీసిస్‌లు ఉచితంగా దొరుకుతాయి. మీ అంశం మీద ఎవరేం రాశారో ముందు అక్కడ చూడండి. ప్రభుత్వ కాలేజీల్లో, యూనివర్సిటీల్లో పనిచేసేవారికి 2025 జనవరి నుంచి ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ కింద సుమారు 13 వేల జర్నళ్లు అందుబాటులోకి వచ్చాయి. లాగిన్ ఎలాగో మీ లైబ్రేరియన్‌ను అడగండి. పాత తెలుగు పత్రికలకైతే వేటపాలెం సారస్వత నికేతనం ఉంది. సెలవు పెట్టుకుని వెళ్లండి.

రోజుకు రెండు గంటలు దొరకవు నిజమే. ఆదివారం ఉదయం మూడు గంటలు దొరుకుతాయి, ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి పెట్టుకుంటే. అవి చాలు.

ఎక్కడ మొదలుపెట్టాలో తోచకపోతే, మీ ఊరి గుడికి జీర్ణోద్ధరణ జరుగుతోందేమో కనుక్కోండి. గోడ మీదో స్తంభం మీదో అక్షరాలున్న చోట సున్నం కొట్టేలోగా వెళ్లి, పక్కనుంచి ఎండ పడే వేళ చూసి ఫొటోలు తీయండి, తేదీ వేసుకోండి. వచ్చే ఆదివారమే వెళ్లండి.