ఆత్మ దేహము కాదు. అయినను ఆహార నియమమెందుకు?

ధర్మపురికి ప్రాచీన నామము తగడూరు. శక సంవత్సరము 815లో, అనగా క్రీ.శ. 893 ప్రాంతమున, నోలంబ రాజైన మహేంద్రుని కాలములో, ఒక వర్తకుని కుమారులైన నిధియణ్ణ, చండియణ్ణ అనువారు ఈ ఊరిలో జినాలయము కట్టించిరి. రాజు వలన పొందిన మూలపల్లి గ్రామమును నిధియణ్ణ ఆ బసది నిమిత్తము కనకసేన సిద్ధాంత భటారులకు దానము చేసెను. ఈ సంగతిని ధర్మపురి శాసనము తెలుపుచున్నది. నిలుచునది ఏది, పోవునది ఏది అను లెక్క ఆ వర్తక పుత్రులకు బాగుగా తెలిసియుండెను. ఈ వ్యాసములో విచారింపబడునదియు ఆ లెక్కయే.

ఆత్మ దేహము కాదని జినశాసనము చెప్పును. అట్లయిన దేహములో పడు అన్నమును గురించి ఇన్ని నియమములెందుకు? ఈ ప్రశ్నను పిల్లలు ఇండ్లలో అడుగుచుందురు. “పెద్దలు చెప్పిరి, చేయవలెను” అన్నంత మాత్రమున వారికి తృప్తి కలుగదు.

దేహము వేరు, దేహి వేరు

జీవునకు లక్షణము ఉపయోగము, అనగా తెలిసికొనుట, చూచుట. దేహమునకు ఆ శక్తి లేదు; అది పుద్గలము. ఉమాస్వాతి ఆచార్యులు తత్త్వార్థ సూత్రములో శరీరములు ఐదు విధములని చెప్పిరి: ఔదారికము, వైక్రియికము, ఆహారకము, తైజసము, కార్మణము. కంటికి కనబడుచు అన్నముచే పెరుగు ఈ మానవ దేహము ఔదారికము. తైజస, కార్మణ శరీరములు సంసారి జీవుని మరణ సమయమునను విడువవు. కాబట్టి ఈ దేహము కాలిపోయినంతనే విడుదల కలుగదు. రాగద్వేషములతో కట్టుకొన్న కర్మము వెంట వచ్చును.

పూజ్యపాదులు సమాధి తంత్రములో ఆత్మకు మూడు దశలు చెప్పిరి. దేహమే తాననుకొనువాడు బహిరాత్మ. దేహము కంటె తాను వేరని ఎరిగినవాడు అంతరాత్మ. సర్వ కర్మ మలము తొలగినవాడు పరమాత్మ.

దీనికి అంగడి సామ్యము చెప్పవచ్చును. బాడుగ అంగడిలో కూర్చున్న వర్తకుడు కప్పు కారినప్పుడు “కప్పు కారుచున్నది” అనును గాని “నేను కారుచున్నాను” అనడు. అయినను కప్పు బాగు చేయించును. లేనిచో లోని సరకు తడిసిపోవును. అట్లని లాభమంతయు ఆ బాడుగ గోడల రంగులకు ఖర్చుపెట్టడు. దేహము బాడుగ అంగడి. సమ్యగ్దర్శన, జ్ఞాన, చారిత్రములు అందలి సరకు. దేహమును పాడుచేయుట అవివేకము. దేహమునకే సమస్తమును ధారపోయుట అంతకంటె అవివేకము.

యోగములో వంటయింటి స్థానము

యోగమను మాటకు జైన గ్రంథములలో రెండర్థములు కలవు. తత్త్వార్థ సూత్రములో మనోవాక్కాయముల క్రియకు యోగమని పేరు. కర్మము లోనికి వచ్చు ద్వారమది. హరిభద్ర సూరి మొదలగువారు మోక్షముతో కలుపు ధర్మ వ్యాపారమును యోగమనిరి. మొదటిదానిని అదుపులో పెట్టుటయే రెండవదానికి దారి.

12వ శతాబ్దమున హేమచంద్రాచార్యులు రచించిన యోగశాస్త్రములోని క్రమము గమనింపదగినది. మద్యము, మాంసము, తేనె, ఉదుంబరాది ఫలములు, రాత్రి భోజనము మొదలగువాని నిషేధము మూడవ ప్రకాశములోనే వచ్చును. ఆసనములు నాలుగవ దానిలోను, ప్రాణాయామము ఐదవ దానిలోను వచ్చును. అనగా, ముందు విస్తరి వద్ద కూర్చొనుట నేర్చినవాడే తరువాత పద్మాసనమున కూర్చొనవలెను. నేడు అనేకులు ఆసనములతో ఆరంభించి అక్కడనే ఆగుచున్నారు.

బాహ్య తపస్సులు ఆరు. అందు మొదటి నాలుగు, అనగా అనశనము, అవమౌదర్యము, వృత్తి పరిసంఖ్యానము, రస పరిత్యాగము, ఆహారమునకు సంబంధించినవే. దీనికి కారణము స్పష్టము. “నేను దేహమును” అను భ్రాంతి ఆకలి వేళ, రుచి వేళ బలపడినంతగా మరెప్పుడును బలపడదు. దినమునకు రెండు మూడు పర్యాయములు వచ్చు ఆ పరీక్షయే గృహస్థునకు ధ్యానాభ్యాసము.

వీనిలో అవమౌదర్యము, అనగా ఆకలి కంటె కొంచెము తక్కువ తినుట, చూచుటకు చిన్నది, చేయుటకు కష్టము. పురుషునకు 32 కబళములు, స్త్రీకి 28 కబళములు పూర్ణాహారమని సంప్రదాయము. అందు ఒక్క కబళము తగ్గించినను తపస్సే. ఉపవాసమునకు ఊరేగింపు కలదు, అభినందన కలదు. విడిచిన ఒక కబళమును చూచువారెవరును లేరు. ఉపవాసము చేసి పారణ దినమున నేతి మిఠాయిలతో కడుపు నింపినచో, జమ వ్రాసిన వెంటనే ఖర్చు వ్రాసినట్లగును. మధుమేహమునకు మందులు వాడువారు వైద్యునకు చెప్పక ఉపవాసము చేసినచో రక్తములో చక్కెర ప్రమాదకరముగ పడిపోవచ్చును. అట్టివారికి మితాహారమే తగిన తపస్సు. అది తక్కువది కాదు.

హితాహారము

9వ శతాబ్దివాడగు ఉగ్రాదిత్యాచార్యుడు కల్యాణకారకమను వైద్య గ్రంథమును రచించెను. రామగిరిపై దీనిని వ్రాసినట్లు అందు కలదు. ఆ రామగిరి విజయనగరము వద్దనున్న రామతీర్థమని పెక్కు పండితుల అభిప్రాయము. మద్యము, మాంసము, తేనె లేకయే చికిత్స సాధ్యమని ఆయన నిరూపింప బూనెను. మాంసాహారము హితము కాదని నృపతుంగుని సభలో వాదించిన ప్రసంగము ఆ గ్రంథాంతమున హితాహితాధ్యాయముగ చేర్చబడినది. ఇతరుల ప్రాణము తీసి తన దేహము నిలుపుకొనుట హితము కాదన్నది దీని సారము.

ధర్మపురి సీమలో హితాహారమునకు కొరత లేదు. ఈ మెట్ట నేలలో రాగులు, సామలు పండును. రాగి సంకటిని ఇక్కడి తమిళులు కళి అందురు. నూరు గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియము కలదు. పాలిషు బియ్యములో పది మిల్లీగ్రాములైనను ఉండుట అరుదు. పాలు, పెరుగు, నెయ్యి, నూనె, బెల్లము విడిచి చేయు ఆయంబిలమునకు రాగి, సామలు చక్కగా సరిపోవును.

నీటి సంగతియు చెప్పవలెను. ఈ జిల్లాలోని అనేక బావులలో, బోర్లలో ఫ్లోరైడు అధికము. లీటరునకు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించిన నీరు ఏండ్ల తరబడి త్రాగినచో పండ్లు మచ్చలు పడును, ఎముకలు పాడగును. వస్త్రముతో గాలించుట జీవరక్షకై, అది విడువరానిది. కాని నీటిలో కరిగిన ఫ్లోరైడు వస్త్రమున నిలువదు, కాచినను పోదు. ఆ నిమిత్తమే 2013లో హొగేనకల్ కావేరి జలముల పథకము ఆరంభమయ్యెను. కావున గాలించుటతో పాటు ఏ నీరు గాలించుచున్నారో విచారించుటయు శ్రావకుని పని. జ్ఞానము తోడు లేని ఆచారము సగమే ఫలించును.

ఇక రాత్రి భోజనము. వర్తకుల ఇండ్లలో ఈ వ్రతము సడలుటకు కారణము నాస్తికత కాదు, అంగడి వేళలు. తొమ్మిదింటికి తలుపు వేసి, పదింటికి భుజించి, వెంటనే పండుకొనుట అలవాటైనది. సాయంకాలము ఐదున్నరకు ఇంటి నుండి క్యారియరు తెప్పించుకొని, పావుగంట గల్లా మరియొకరికి అప్పగించినచో వ్రతము నిలుచును, నిద్రయు బాగుండును. ఆ పావుగంటలో పోవు బేరమెంత?

తగడూరు ప్రభువు అదియమానునకు దీర్ఘాయువు నిచ్చు అరుదైన ఉసిరికాయ దొరకెననియు, దానిని తాను తినక ఔవైయారునకు ఇచ్చెననియు తమిళ దేశమున ప్రసిద్ధి. చేతిలోనున్న కాయను తన దేహమునకు వెలుపలనున్న మేలు కొరకు విడువగలుగుటయే ఈ పాఠమంతటికి ఉదాహరణము. నేటి గృహస్థునకు అంతటి కాయ దొరకదు. చివరి కబళము మాత్రము ప్రతి పూట దొరకుచునే యున్నది. దానిని చేత పట్టి “ఈ ఆకలి ఎవరిది? దేహముదా, నాదా?” అని ఒక్క క్షణము విచారించువాడు అంతరాత్మ మార్గమున అడుగు పెట్టినవాడే.

జై జినేంద్ర.